యాభై ఎనిమిదో కిలోమీటరు

మా కారు మొదటిసారి మహిత కొట్టు ముందు ఆగినప్పుడు తప్పు పూర్తిగా దాని లోపలి పెట్రోలు పంపుదే. ఆ తర్వాత ఆగిన ప్రతిసారీ ఆ తప్పులో నాకూ వాటా ఉంది. మహితకు కూడా కొంత వాటా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

నా పేరు యోగానంద. చిత్తూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వారమంతా అక్కడే గదిలో ఉంటాను. శనివారం సాయంత్రం తిరుపతిలో ఇంటికొస్తాను, సోమవారం ఉదయం ఆరున్నరకు మళ్ళీ బయలుదేరతాను. మొన్న జూన్ వరకు బస్సులో తిరిగేవాణ్ణి. ఆ నెలలో మా నాయన కృష్ణమూర్తి తన కారు నాకిచ్చేశాడు. తెల్లటి చిన్న కారు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు కొన్నాడు. ఇద్దరం కలిసే పెరిగాం. అది నాకంటే ముందు ముసలిదైంది.

తాళాలతో పాటు ఆయన ఒక సలహా కూడా ఇచ్చాడు.

"ట్యాంకులో పెట్రోలు ఎక్కువ పొయ్యొద్దు. నిలవుంటే ఆవిరైపోతాది. ముల్లు ఎప్పుడూ అడుగునే ఉండాల. ఇరవై ఏండ్లు నేనట్లనే నడిపినాను."

ఫిజిక్స్ చదివినవాణ్ణి కాబట్టి అది నిజం కాదని నాకు తెలుసు. కొడుకును కాబట్టి సరేనన్నాను.

మొదటి సోమవారమే, కాణిపాకానికి దారి చీలేచోట, సరిగ్గా యాభై ఎనిమిది కిలోమీటర్లు నడిచాక కారు రెండుసార్లు కుదిపి, ఊపిరి వదిలేసింది. దొర్లుకుంటూ వెళ్ళి రోడ్డు పక్కనున్న ఒక టెంకాయల కొట్టుకు అడ్డంగా నిలబడింది.

కొట్టులోంచి ఒక అమ్మాయి తలెత్తింది. చేతిలో బ్యాంకు పరీక్షల పుస్తకం, చెవి మీద పెన్సిలు.

"సార్, బండి రవంత ముందుకు పెట్టండి. కొట్టు మూసుకొనిపోయినాది."

"కదలడం లేదండీ."

"కదలకపోతే ఈడికెట్ల వచ్చినాది?"

"అప్పుడు కదిలింది. ఇప్పుడు నిలిచిపోయింది."

"నిలిచిపోయింది నాకు కనపడతా ఉండాది సార్. నేను అడిగింది తీసే సంగతి."

దిగి బానెట్ ఎత్తాను. కారు ఆగితే బానెట్ ఎత్తడం మగవాడి ధర్మం. లోపల ఏముందో తెలిసి ఉండాలని ఎక్కడా రాయలేదు. ఒక వైరు పట్టుకుని చూశాను. గట్టిగానే ఉంది. ఇంకో వైరు పట్టుకున్నాను. అదీ గట్టిగానే ఉంది.

"సార్ ఏం పని చేస్తారు?" అని వెనకనుంచి అడిగింది.

"ఫిజిక్స్ లెక్చరర్."

"ఓ" అంది. ఆ 'ఓ' అన్నది ఎలాంటిదో మా ప్రిన్సిపాల్ నోట చాలాసార్లు విన్నాను. "అట్లయితే ఒక టెంకాయ కొట్టండి సార్."

"టెంకాయకూ ఇంజనుకూ సంబంధం ఏముండాదండీ?"

"వైర్లు పట్టుకునేదానికి ఉండాదా?"

ఇంక వాదించడానికి నా దగ్గర వైర్లు అయిపోయాయి. టెంకాయ కొన్నాను. కర్పూరం వెలిగించబోతే గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. ఆమె వచ్చి చీరకొంగు అడ్డం పెట్టబోయి, తను వేసుకున్నది చుడీదారని గుర్తొచ్చి, పుస్తకం అడ్డం పెట్టింది. హారతి ఇచ్చాను. ముందు టైరు దగ్గర టెంకాయ కొడితే పగల్లేదు. మూడోసారికి పగిలింది. ఇదంతా అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తాళం తిప్పాను.

కారు స్టార్టయింది.

నేను ఆమె వైపు చూడలేదు. ఆమె నా వైపే చూస్తోందని మెడ మీద తెలుస్తోంది. గేరు వేశాక పిలిచింది.

"సార్, ఫిజిక్స్ చిప్ప మర్చిపోయినారు."

సగం టెంకాయ కిటికీలోంచి అందించింది. అలా మా పరిచయం జరిగింది.

రెండో సోమవారం అక్కడే ఆగింది. ఈసారి ఆమె బండి తీయమనలేదు.

"కాయ తీసిపెట్టినాను" అంది.

శనివారాల సంగతి కూడా చెప్పాలి. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చేటప్పుడు కూడా కారు యాభై ఎనిమిది కిలోమీటర్లకే ఆగేది. అది చంద్రగిరి దగ్గర ఒక పంక్చర్ షాపు ముందు. ఆ షాపాయన పేరు సుబ్బన్న. పెద్ద మీసాలు, అరవై ఏళ్ళు. ఆయన కూడా ప్రతిసారీ స్టూలు వేసి, టీ ఇచ్చి, ఎంతో ఆదరంగా చూసేవాడు. కానీ సుబ్బన్నతో నాకేమీ జరగలేదు.

ఇంట్లో ఈ విషయం చెప్పాను. మా అమ్మ నాగులమ్మ సుబ్బన్న భాగాన్ని అసలు పట్టించుకోలేదు.

"కాణిపాకం దారిలో ఆగిందంటే నీకింకా అర్థం కాలేదా? నువ్వు పది పాసైతే నూటొక్క టెంకాయ కొడతానని మొక్కుకున్నాను. నూరే కొట్టినాం. ఒకటి కుళ్ళుది వచ్చింది. ఆ పొద్దే మీ నాయనతో చెప్పినాను, ఇంకోటి తెండయ్యా అని. విన్నాడా?"

నాయన పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు.

మూడో సోమవారం అమ్మ నాతో పాటే కారెక్కింది. కారు ఆగింది. అమ్మ మహిత చేతి నుంచి టెంకాయ తీసుకుని, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు అన్నీ పెట్టి, నింపాదిగా నూటొక్కటోది కొట్టింది. ఇరవై నిమిషాలు. కారు స్టార్టయింది. అమ్మ నా వైపు చూసింది. నేను ఫిజిక్స్ లెక్చరర్నని ఆ క్షణంలో ఎవరికీ చెప్పాలనిపించలేదు.

తిరుగుబస్సు ఎక్కేముందు అమ్మ ఆజ్ఞ ఇచ్చింది. "పదేండ్లు ఊరుకున్న దేవుడు ఒక్క కాయకే దిగొస్తాడా? ప్రతి సోమవారం ఈడ కొట్టు. ఈ పిల్ల దగ్గరే కొను. మంచి కాయ ఇచ్చినాది."

"సరేమా" అన్నాను. అమ్మ మాట నేను ఎప్పుడూ కాదనలేదు.

అయినా మనసు ఒప్పక ఆ శనివారం చీకటి పడకముందే కారును కరకంబాడి రోడ్డులో దేవరాజులు షెడ్డుకు తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళ నుంచి కార్లు చూస్తున్న మనిషి. నవ్వడు.

"ఎంత దూరం పోయినాక ఆగతా ఉండాది?"

"యాభై ఎనిమిది కిలోమీటర్లు."

"మళ్ళ ఎంతసేపటికి లేస్తాది?"

"ఒక టెంకాయ కొట్టినంతసేపు."

"అంటే ఇరవై నిమిషాలు" అన్నాడు దేవరాజులు. "పెట్రోలు పంపు పోయినాదప్పా. అది ట్యాంకులోనే ఉంటాది, పెట్రోల్లో మునిగి. ఆ పెట్రోలే దాన్ని సల్లబరస్తాది. మీ నాయన ఇరవై ఏండ్లు దాన్ని ఎండబెట్టినాడు. ఇప్పుడు గంటసేపు తిరిగేతలికి వేడెక్కి పడుకుంటా ఉండాది. సల్లబడితే లేస్తాది."

"మార్చకపోతే ఏమవుతుంది?"

"ఇంకో రెండు మూడు నెల్లు ఇట్లనే ఆగతా లేస్తా ఉంటాది. ఆనక ఒకరోజు లేవదు."

నేను మొదటి వాక్యం మాత్రమే విన్నాను.

పక్క వీధిలో కొత్త పంపు దొరికింది. కొని తెచ్చాను. వెనక సీటు లేపితే చాలు, గంటలో బిగించి ఇస్తానన్నాడు దేవరాజులు.

"వచ్చే వారం వస్తా" అన్నాను.

"ఎందుకప్పా? ట్యాంకు కూడా ఖాళీగా ఉండాది. తీసేదానికి ఇదే మంచిది."

"కొంచెం పనుంది."

పంపు డబ్బాను తువ్వాలులో చుట్టి డిక్కీలో పెట్టాను. పనేమిటో అప్పుడు నాకే తెలియదని ఇక్కడ రాస్తే బాగుంటుంది. కానీ తెలుసు. సోమవారం ఏడున్నరకు మహితను చూడడమే ఆ పని.

తర్వాతి నాలుగు సోమవారాలు నా జీవితంలో అత్యంత క్రమశిక్షణ గలవి. కారు ఆగేది. ఆమె స్టూలు వేసేది. ఇరవై నిమిషాలు. ఆమెకు డిగ్రీ అయింది, బ్యాంకు పరీక్షకు చదువుతోంది. కొట్టు వాళ్ళదే. వాళ్ళ నాయన మునిరామయ్యకు వెనకాలే మూడెకరాల మామిడి తోట, కొంచెం చెరకు. ఆయన తోటలో ఉన్నంతసేపూ కొట్టు ఈమెది. నేను వారానికొక లెక్క చెప్పేవాణ్ణి. దూరాలు, కాలాలు, వేగాలు.

"ఒక కారు 'ఏ' అనే ఊరి నుంచి 'బి' అనే ఊరికి పోతాది సార్. గంటకు అరవై. ఈ పుస్తకంలో నూట ఇరవై లెక్కలుండాయి. ఒక్క దాంట్లోనూ కారు మధ్యలో ఆగలేదు."

"లెక్కల్లో కార్లు ఆగవండీ."

"అందుకే సార్, లెక్కలు తొందరగా అయిపోతాయి."

అని పుస్తకంలోకి చూసింది. నేనూ పుస్తకంలోకి చూశాను. ఇద్దరం ఒకే లెక్కను చాలాసేపు చూశాం. దాని జవాబు రెండు గంటలు. మాకున్నది ఇరవై నిమిషాలు.

నాకు మహిత అంటే ఇష్టం. మంగళవారం నుంచి శనివారం దాకా ఆ ఇష్టంతో ఏం చేయాలో తెలియక పిల్లలకు అదనంగా పరీక్షలు పెట్టేవాణ్ణి. సోమవారం ఎదురుగా ఉన్నప్పుడు చెబుదామంటే నోట్లోంచి త్వరణం గురించే వచ్చేది.

జూలై చివర్లో ఒక సోమవారం వాన పట్టుకుంది. తెల్లవారుజామున మొదలై విడవలేదు. పాకాల దాటినా అదే వాన. రోడ్డు చల్లగా, గాలి చల్లగా, కారు కింద నీళ్ళు. యాభై ఎనిమిదో కిలోమీటరు వచ్చింది. కారు ఆగలేదు.

కొట్టు కనపడింది. మహిత పట్టా కింద నిలబడి ఉంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టెంకాయ. నా కారును చూసి గొడుగు విప్పింది.

నా కాలు బ్రేకు మీద పెట్టడం ఎంతసేపు? కానీ చెడిపోయిన కారు ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు. బాగున్న కారును ఎందుకు ఆపావంటే ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాల్సింది ఏమిటో తెలుసు. చెప్పే ధైర్యం లేదు. వెనక లారీ హారన్ కొట్టింది. అద్దంలో గొడుగు చిన్నదవుతూ పోయింది. ఆ రోజు కాలేజీకి పావుగంట ముందే చేరుకున్నాను. ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు. ఎంత బాధపడ్డానో చెప్పలేను.

తర్వాతి సోమవారం ఎండ. కారు బుద్ధిగా ఆగింది. స్టూలు లేదు.

"పోయిన వారం బండి ఆగలేదే" అంది మహిత, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"వాన కదా. వేడెక్కలేదు."

"బండి ఆగకపోతే మీరు ఆపకూడదా?"

నేను బానెట్ వైపు తిరిగాను.

"వానలో బ్రేకులు పనిచెయ్యవా సార్?"

ఇన్నేళ్ళ చదువులో నాకు ఇంత కష్టమైన ప్రశ్న రాలేదు. జవాబు వెతుకుతుండగానే మునిరామయ్య మోపెడ్ మీద వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తలకు తువ్వాలుతో. మోపెడ్ ముందు ఒక మామిడికాయల సంచి.

"నువ్వేనా అప్పా లెక్చరరు? పాపకు లెక్కలు చెబుతా ఉండావంట. ఇవి సీజను ఆఖరి కాయలు. మీ అమ్మకు తీసకపో. డిక్కీ తెరువు."

పెద్దాయన తెచ్చింది వద్దనకూడదు. అందుకని తెరిచాను. సంచి పెట్టడానికి చోటు చేస్తూ ఆయన తువ్వాలు చుట్టను పక్కకు జరిపాడు. తువ్వాలు జారింది. డబ్బా మీద పంపు బొమ్మ ఉంది. బిల్లు కూడా దానికే అంటించి ఉంది, తేదీతో సహా.

మునిరామయ్య ఆ తేదీ చదివాడు. కారును చూశాడు. కొట్టును చూశాడు. నన్ను చూశాడు.

"నా బోర్లలో నాలుగు మోటర్లు కాలిపోయినాయి అప్పా. పొద్దున కాలితే సాయంత్రానికి మార్చినాను" అన్నాడు నెమ్మదిగా. "కొత్త మోటరు కొని గట్టున పెట్టుకొని, కాలిందాంతోనే తిప్పలు పడేవాణ్ణి మాత్రం ఇంతవరకు సూడలేదు."

సంచి పెట్టి, డిక్కీ మూసి, తోటలోకి వెళ్ళిపోయాడు.

మహిత టెంకాయల్ని సర్దుతోంది. సర్దినవాటినే మళ్ళీ సర్దుతోంది.

"అది పంపని మీకు తెలిసిపోయింది" అన్నాను.

"నాకు మొదటి దినమే తెలుసు సార్."

"ఎట్ల?"

"మా బోరు మోటరు కూడా ఇట్లనే చేస్తాది. నీళ్ళలో మునిగుంటేనే సల్లగా తిరగతాది. ఎండకాలం నీళ్ళు దిగిపోతే వేడెక్కి నిలిచిపోతాది. అరగంట ఆగితే మళ్ళ పోస్తాది. మీ ముల్లు చూసినాను, అడుగునుండాది. ఈ ఊర్లో ఆరో తరగతి పిల్లోణ్ణడిగినా చెప్తాడు."

"మళ్ళ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు వైర్లు పట్టుకొనుండారు కదా, ఎందుకు చెడగొట్టాలని." ఒక కాయను అటునుంచి ఇటు పెట్టింది. "ఆ తర్వాత చెప్పాలనిపించలేదు."

పంపు కొని దాచినవాణ్ణి నేను. తెలిసీ చెప్పనిది ఆమె. నాకు ఒక్కసారిగా సంతోషం వేసింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"వచ్చే ఆదివారం పలమనేరు నుంచి నన్ను సూసేదానికి వస్తా ఉండారు. పదకొండు గంటలకు."

"ఆదివారమా?"

"నాయన నన్నడిగినాడు, ఆ లెక్చరర్ సంగతేంది మే అని. సంగతేమీ లేదు నాయనా, బండి చెడిపోతే ఆగే మనిషి అని చెప్పినాను." టెంకాయ ఒకటి చేతిలోకి తీసుకుంది. "అబద్ధం చెప్పలేదు కదా సార్?"

చెప్పలేదు. అదే నా బాధ.

ఆ శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి తిరుపతి వచ్చేశాను. చంద్రగిరి దగ్గర సుబ్బన్నకు చెప్పాను, వచ్చే వారం నుంచి ఆగనేమోనని. ఆయన కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి.

ఇంట్లో అంతా ఒక్కసారే చెప్పేశాను. పంపు సంగతి, మహిత సంగతి, పలమనేరు సంగతి. నాయనకు పంపు సంగతి మాత్రమే తలకెక్కింది. తన ఇరవై ఏళ్ళ పొదుపే పంపును చంపిందని విని చాలా నొచ్చుకున్నాడు. "తాళాలియ్యి" అని బయటికి వెళ్ళాడు. అరగంటకు తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ట్యాంకు ఫుల్ చేయించినాను. జన్మలో మొదటిసారి. ఇంక దానికి ఎండ తగలదు."

ఆ కారునే దేవరాజులు దగ్గరికి తోలుకెళ్ళాను. ఆయన సీటు లేపబోతూ ముల్లు చూశాడు.

"ఇన్ని వారాలు ఖాళీగా తిప్పినారు. తీసే పొద్దు ఫుల్ చేసుకొచ్చినారు. మూత తీస్తే పెట్రోలు పైకి పొంగుతాది. నేను చెయ్యి పెట్టను. దించుకొని రాపో."

ముప్పై లీటర్లకు పైగా పెట్రోలు. నాయన సిగ్గుపడి వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగాడు. ఒక గొట్టం, ఒక క్యాను పట్టుకుని మేమిద్దరం నిలబడ్డాం. వీధిలో ఏడు స్కూటర్లు నిండాయి. కొందరు ఎందుకని అడిగారు. "మావాడి పెళ్ళికి" అన్నాడు నాయన. అంతకన్నా ఆయన విడమరచి చెప్పలేదు. ఆయన సమ్మతి నాకు అలా తెలిసింది.

ఆదివారం ఉదయం ఏడింటికి దేవరాజులు వెనక సీటు లేపి, మూత తీసి, పాత పంపు బయటపెట్టి, కొత్తది దించాడు. తాళం సగం తిప్పమన్నాడు. వెనక సీటు కింద తుమ్మెద ఝుంకారంలా రెండు క్షణాలు వినపడి ఆగింది.

"అదే దాని గొంతు" అన్నాడు దేవరాజులు. "ఇంక ఆగదు. నువ్వు ఆపితేనే."

ఇప్పుడు మిగిలింది అమ్మ. ఆమెకు మహిత నచ్చింది, కానీ పంపు మీద నమ్మకం కుదరలేదు.

"పంపు మార్చితే మొక్కు మారిపోతాదా? ఇన్నిసార్లు ఆడ ఆపింది స్వామి. ఆయనకు ఇష్టమైతే ఈ పొద్దూ ఆపుతాడు. ఆపితే దిగి ఆ పిల్ల నాయనతో మాట్లాడతాను. ఆపకపోతే నేరుగా కాణిపాకం పోయి, దండం పెట్టుకొని వచ్చేస్తాం. ఇంక ఆ మాటెత్తొద్దు."

ట్యాంకులో మళ్ళీ సగం దాకా పెట్రోలు పోయించుకుని తొమ్మిదికి ముగ్గురం బయలుదేరాం. కారు ఎప్పుడూ నడవనంత బాగా నడిచింది. చంద్రగిరి, పాకాల దాటాం. ఎండ బాగా ఉంది. అయినా ఒక్క కుదుపు లేదు. యాభై నాలుగు. యాభై ఐదు. వెనక సీట్లో అమ్మ చేతులు జోడించుకుని కూర్చుంది.

ఇక్కడ ఒక పాపపు ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. తాళం కొంచెం వెనక్కి తిప్పితే చాలు. కారు ఆగిపోతుంది. అమ్మ దండం పెడుతుంది. అందరూ నమ్ముతారు. కొట్టులో ఒక్క మనిషి తప్ప. ఆమె టెంకాయ సర్దుతూ అనుకుంటుంది, మళ్ళ చెడిపోయి వచ్చినాడని.

యాభై ఏడు. నా చేయి తాళం మీదికి వెళ్ళలేదు. కొట్టు కనపడింది. మహిత పట్టుచీరలో ఉంది. ఇంట్లో కూర్చోవాల్సిన వేళ కొట్టులో కూర్చుంది. రోడ్డు వైపు చూస్తోంది.

యాభై ఎనిమిది. కారు హాయిగా నడుస్తోంది.

"ఆగలేదు" అంది అమ్మ. గొంతులో నిజంగానే దిగులు. "స్వామికి ఇష్టం లేదు నాయనా. పోనీ."

బ్రేకు తొక్కాను. గట్టిగానే తొక్కాను. నాయన ముందుకు తూలాడు. కారు కొట్టుకు అడ్డంగా నిలబడింది.

"మళ్ళ ఏమైంది?" అంది అమ్మ ఆశగా.

"ఏమీ కాలేదు మా. నేనే ఆపినాను."

"స్వామి ఆపలేదు కదరా!"

అప్పుడు నాయన నోరు తెరిచాడు. ఇరవై ఆరేళ్ళలో అమ్మకు ఆయన ఎదురు చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"స్వామికి పాపం పెద్ద బొజ్జ. స్టీరింగు కింద పట్టేదెట్ల? అందుకే వీని కాలు వాడుకున్నాడు."

అమ్మ ఆలోచించింది. బొజ్జ సంగతి కాదనలేకపోయింది. తలుపు తెరిచి దిగింది.

నేను మహిత ముందు నిలబడ్డాను. ఆమె లేవలేదు. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది, మల్లెపూల పక్కన.

"బండి ఏమైంది సార్?"

"ఏమీ కాలేదు. బాగుండాది."

"మళ్ళ ఎందుకు ఆగినారు?"

"నీ కోసరం ఆపినాను."

నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ మాట నా నోటికి రావడానికి రెండు నెలలు, ఒక పెట్రోలు పంపు పట్టింది. మహిత మెడ నుంచి చెవిదాకా ఎర్రబడి, వెనక్కి తిరిగి టెంకాయల గుట్టలో ఒక మంచి కాయ కోసం వెతకడం మొదలుపెట్టింది. ఆ వెతకడం ఎంతకీ తెమల్లేదు.

మునిరామయ్య తెల్ల పంచెలో కొట్టు వెనక ఇంట్లోంచి వచ్చాడు. పలమనేరు వాళ్ళ కోసం కట్టిన పంచె.

"ఏమప్పా, గట్టు మీది మోటరు దించినావా లేదా?"

"దించినాను. వినండి."

తాళం సగం తిప్పాను. ఆయన వెనక తలుపు తెరిచి, వంగి, సీటుకు చెవి ఆనించాడు, బోరు గొట్టానికి ఆనించినట్టే. ఝుమ్మని వినపడింది. ఆయన కళ్ళు మూసుకుని ఇంకోసారి తిప్పమన్నాడు. తిప్పాను.

"నీళ్ళు బాగుండాయి" అన్నాడు. పెట్రోలని మా నాయన సర్దబోతే నేను చేయి పట్టుకున్నాను.

మునిరామయ్య కూతురి వైపు చూశాడు. ఆమె ఇంకా కాయలే వెతుకుతోంది. ఆయన ఫోన్ తీసి పలమనేరుకు కలిపాడు.

"నేనప్పా, మునిరామయ్యను. బయలుదేరినారా? లేదా? మంచిదే, బయలుదేరొద్దండి. ఏమీ అనుకోవద్దు. ఈడ మా కొట్టు ముందర ఇంకో బండి ఆగుండాది." అవతల ఏదో అడిగారు. "లేదప్పా, చెడిపోలేదు. అదే సంగతి."

అమ్మ సంచిలోంచి పసుపు, కుంకుమ, కర్పూరం తీసింది. మహిత కాయను చెవి దగ్గర ఆడించి చూసి, రెండు చేతులతో ఆమెకిచ్చి, వంగి కాళ్ళకు దండం పెట్టింది. కర్పూరం ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. మహిత ఈసారి చీరకొంగు అడ్డం పెట్టింది. ఇంకో పక్కనుంచి నేను చేతులు అడ్డం పెట్టాను.

అంతా అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ బండెక్కలేదు.

"సార్" అంది మహిత, చిప్ప నా చేతిలో పెడుతూ, చాలా మెల్లగా. "రేపు సోమవారం."

"ఆపుతాలే" అన్నాను.